చివరి అరగంటలో పడిన గోల్స్: ఓ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఓడిన సీజన్‌పై కేస్ స్టడీ

నేపథ్యం

ఇది తెలంగాణలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ పురుషుల ఫుట్‌బాల్ జట్టు కేసు. కాలేజీని, ఊరిని, ఆటగాళ్లను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. స్థానిక లీగ్‌లో ఈ జట్టు ఒక సీజన్‌లో 14 మ్యాచ్‌లు ఆడి ఒకటి గెలిచింది, మూడు డ్రా చేసుకుంది, పది ఓడింది. కొట్టినవి 9 గోల్స్, పడినవి 31.

జట్టులో 22 మంది. సగానికి పైగా హాస్టల్ పిల్లలు. ప్రాక్టీస్ వారానికి నాలుగు రోజులు, ఉదయం 5:30 నుంచి 7 వరకు. గ్రౌండ్ మొరం నేల. మధ్యలో క్రికెట్ మ్యాటింగ్ ఉండటంతో ఫుట్‌బాల్‌కు చాలా రోజులు 50 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు మాత్రమే దొరికేది. లీగ్ మ్యాచ్‌లు జరిగేది మాత్రం 105 × 68 మీటర్ల గడ్డి గ్రౌండ్‌లో. ఈ తేడాను సీజన్ మొత్తంలో ఎవరూ సమస్యగా చూడలేదు. ఈ కేసులో అసలు విషయం అక్కడే ఉంది.

కోచింగ్ బాధ్యత ఫిజికల్ డైరెక్టర్‌ది. ఆయనకు కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ కూడా ఉంటాయి. సహాయానికి ఒక పాత విద్యార్థి. జీపీఎస్ పరికరాలు, హార్ట్ రేట్ బెల్టులు లేవు. ఉన్నవల్లా ఒక సెల్‌ఫోన్ కెమెరా, స్కోరు పుస్తకం. ఇలాంటి కాలేజీల్లో ఇంతకంటే ఎక్కువ ఉండదు కాబట్టే ఈ కేసు రాయడం అవసరమనిపించింది.

జట్టు చెప్పిన సమస్య

పీడీ సార్, కెప్టెన్, ఆటగాళ్లు అందరూ చెప్పింది ఒకటే మాట: "స్టామినా లేదు. అరవై నిమిషాలు బాగా ఆడతాం, తర్వాత కూలిపోతాం." స్కోరు పుస్తకం కూడా అలాగే అంటోంది. 31 గోల్స్‌లో 17 చివరి అరగంటలోనే పడ్డాయి. ఇంత స్పష్టంగా కనిపించే కారణాన్ని ఎవరూ ప్రశ్నించరు. జట్టు కూడా ప్రశ్నించకుండానే మందు వేసేసింది.

సీజన్ మధ్యలో చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

మొదటి ఐదు మ్యాచ్‌లలో ఒకటి గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, మూడు ఓడాక, వారానికి ఐదు రోజులు ఉదయాన్నే ఐదు కిలోమీటర్ల రోడ్డు పరుగు పెట్టారు. అంటే ఒక్కసారిగా వారానికి 25 కిలోమీటర్ల అదనపు భారం, అదీ ఖాళీ కడుపుతో. తర్వాతి ఐదు మ్యాచ్‌లలో ఒక డ్రా, నాలుగు ఓటములు. అదే సమయంలో ముగ్గురికి తొడ వెనక కండరం పట్టేసింది. ఇద్దరికి మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలైంది.

ఉద్దేశం మంచిదే, ఎంచుకున్న పని సరిపోయేది కాదు. ఫుట్‌బాల్‌లో అలసట ఒకే వేగంతో పరుగెత్తడం వల్ల రాదు. ఆగడం, తిరగడం, 10-20 మీటర్లు గట్టిగా పరుగెత్తడం, మళ్లీ నడవడం వల్ల వస్తుంది. నింపాదిగా ఐదు కిలోమీటర్లు పరుగెత్తడంలో ఈ కదలికలు ఏవీ ఉండవు. దానికి తోడు గట్టి మొరం మీద, తారు రోడ్డు మీద పరుగు మోకాలి కింది ఎముకపై దెబ్బను పెంచింది. చాలామంది మెత్తటి గడ్డికి పనికొచ్చే పొడుగు స్టడ్స్ (అడుగున ఉండే మొనలు) బూట్లతోనే మొరం మీద ప్రాక్టీస్ చేస్తున్నారు. గట్టి నేలలో ఆ స్టడ్స్ దిగవు. బరువంతా ఆ కొద్ది బిందువుల మీదే పడి మడమ, పాదం నొప్పి పెడతాయి.

పదో మ్యాచ్ తర్వాత ఫార్మేషన్ మార్చారు. 4-4-2 (వరసగా డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌ల సంఖ్య) నుంచి 3-5-2కి, అక్కడి నుంచి వారం తిరక్కుండా 4-3-3కి. ప్రతి ఓటమికీ ఒక కొత్త అమరిక. 50 మీటర్ల స్థలంలో నేర్చుకున్న అమరిక ఏదైనా 105 మీటర్ల గ్రౌండ్‌లో విడిపోతుంది కనుక, ఏ ఫార్మేషన్‌నీ న్యాయంగా పరీక్షించినట్టు కాలేదు.

మూడో ప్రయత్నం గోల్‌కీపర్‌ను మార్చడం. తర్వాత వీడియోలు చూస్తే 31 గోల్స్‌లో కీపర్ సొంత పొరపాటు అని చెప్పగలిగినవి మూడే. ఈ మార్పు నష్టమే చేసింది. కొత్త కీపర్‌కు, డిఫెండర్లకు మధ్య పిలుపులు కుదరక కార్నర్లలో బంతి ఎవరిదో తెలియని అయోమయం పెరిగింది.

మళ్లీ మొదటి నుంచి: గోల్స్‌ను లెక్కగా చూడటం

సీజన్ ముగిశాక, ఏదీ మార్చకముందే, 31 గోల్స్‌నీ ఒక్కొక్కటిగా కాగితం మీద పెట్టాం. ఒక్కో గోల్‌కు ఐదు ప్రశ్నలు: ఎన్నో నిమిషం? అప్పటి స్కోరు ఎంత? బంతి ఎక్కడ పోయింది? ఆగిన ఆట నుంచి వచ్చిందా, నడుస్తున్న ఆట నుంచా? బంతి పోయిన క్షణంలో మన చివరి డిఫెండర్‌కూ ముందున్న ఫార్వర్డ్‌కూ దూరం ఎంత?

ఆగిన ఆట నుంచి 12 గోల్స్ పడ్డాయి: కార్నర్లు 5, ఫ్రీకిక్‌లు 3, పొడుగు త్రో-ఇన్‌లు 2, పెనాల్టీలు 2. సొంత సగంలో బంతి పోగొట్టుకోవడం వల్ల 8. మనం దాడికి వెళ్లి బంతి పోగొట్టుకున్నాక ఎదురుదాడిలో 7. మిగతావి 4.

ఆగిన ఆట నుంచి పడిన ఆ పన్నెండింట్లో ఒక్కదానికీ స్టామినాతో నేరుగా సంబంధం లేదు. సరే, చివరి అరగంట మాటేమిటి? ఇక్కడ స్కోరు గడి ఉపయోగపడింది. 60వ నిమిషానికి ఎనిమిది మ్యాచ్‌లలో జట్టు వెనకబడి ఉంది, ఐదింట్లో సమంగా ఉంది, ఒకదాంట్లో ముందుంది. చివరి అరగంటలో పడిన 17 గోల్స్‌లో 13 ఆ ఎనిమిది మ్యాచ్‌లవే. సమంగా ఉన్న ఐదింట్లో పడినవి మూడు, ముందున్న దాంట్లో ఒకటి. కాళ్లు అలసిపోవడమే కారణమైతే, సమంగా ఉన్న మ్యాచ్‌లలోనూ జట్టు అలాగే కూలిపోవాలి. కూలిపోలేదు.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది: బలమైన జట్ల చేతిలోనే కదా వెనకబడతాం, వాళ్లు చివర్లోనూ ఎక్కువ గోల్స్ కొట్టడంలో వింతేముంది? అందుకే ఐదో ప్రశ్న పెట్టాం. వీడియోను బంతి పోయిన క్షణంలో ఆపి, గ్రౌండ్ గీతలను కొలబద్దగా వాడాం. పెనాల్టీ ఏరియా లోతు 16.5 మీటర్లు, మధ్య వృత్తం వ్యాసార్థం 9.15 మీటర్లు. వీటితో దూరాన్ని అయిదారు మీటర్ల తేడాలో అంచనా వేయొచ్చు, ఈ పనికి అది చాలు. మొదటి గంటలో జట్టు పొడవు, అంటే చివరి డిఫెండర్ నుంచి ముందున్న ఫార్వర్డ్ దాకా దూరం, 35-40 మీటర్లు. వెనకబడ్డాక చివరి అరగంటలో 55-60. అవే ఎనిమిది మ్యాచ్‌లు, అదే ప్రత్యర్థి. మారింది మన జట్టు సాగిపోవడమే. గోల్ కోసం ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లూ (అంచుల్లో ఆడే డిఫెండర్లు) ఒకేసారి పైకి వెళ్లేవారు. సెంటర్‌బ్యాక్‌లు (మధ్యలో ఆడే డిఫెండర్లు) భయంతో సొంత పెనాల్టీ ఏరియా దగ్గరే ఉండిపోయేవారు. ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు మధ్యలో 40 మీటర్ల ఖాళీని కాయాలి. ఆ పరుగు ఎవరినైనా అలసగొడుతుంది. అంటే అలసట నిజమే, కానీ అది ఫలితం. కారణం దూరాలు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిన భారత జట్టు, 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. రెండు జట్లకూ కోచ్ మన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ నడుమ ఆయన చేసిన పెద్ద మార్పుల్లో ఒకటి సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి, మిడ్‌ఫీల్డ్‌కు దగ్గరగా తీసుకురావడం. ఎవరు ఎక్కడ నిలబడాలన్నది ఎంత పరుగెత్తాలన్న దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ఇంకో లెక్క కూడా బయటపడింది. ఒకే నలుగురు డిఫెండర్లు కలిసి మొదలుపెట్టినవి 14లో మూడే మ్యాచ్‌లు. ల్యాబ్ పరీక్షలు, మిడ్ పరీక్షలు, 75 శాతం హాజరు భయం. ఎవరు వస్తారో మ్యాచ్ రోజు ఉదయం దాకా తెలిసేది కాదు.

కొత్త ప్రయత్నం: దూరాలు

మొదట మాటలతో చెప్పి చూశాం. "లైన్ల మధ్య పది పన్నెండు మీటర్లు ఉండాలి" అని, అంటే డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌ల వరసల మధ్య, బోర్డు మీద గీసి చూపించాం. ప్రాక్టీస్ మ్యాచ్‌లో పది నిమిషాలు పాటించారు, ఒక గోల్ పడగానే పాతదానికే వెళ్లిపోయారు. మీటర్లు ఆటగాడి కళ్లకు కనిపించవు. ఒత్తిడిలో మాట గుర్తుకు రాదు, అలవాటే వస్తుంది.

రెండో అడుగులో దూరాన్ని చేతికి అందేలా చేశాం. నలుగురు డిఫెండర్ల నడుములకు మూడు నైలాన్ తాళ్లు, ఒక్కోటి 8 మీటర్లు. బంతి లేకుండా నడక, తర్వాత మెల్లగా పరుగు. బంతి ఎడమకు వెళ్తే నలుగురూ ఎడమకు జరగాలి, తాడు బిగుసుకోకూడదు, నేలకు జారకూడదు. పది నిమిషాలు, వారానికి రెండుసార్లు, మూడు వారాలు. పరుగు వేగం పెరిగితే తాడు కాలికి తగిలి పడతారు కనుక జాగింగ్ దాటనివ్వలేదు.

మూడో అడుగు: ఆట నియమం. వారానికి ఒకరోజు దగ్గర్లోని పూర్తి సైజు గ్రౌండ్ అడిగి తీసుకున్నాం. 11 మందికి 11 మంది. రెండే షరతులు. కొట్టే జట్టులో కీపర్ తప్ప పదిమందీ సగం గీత దాటి ఉంటేనే గోల్ లెక్క. గోల్ పడిన జట్టులో ఎవరైనా ఆ సమయానికి ప్రత్యర్థి సగంలోనే ఉండిపోతే ఆ గోల్ రెండుగా లెక్క. మొదటి షరతు సెంటర్‌బ్యాక్‌లను పైకి రప్పించింది, రెండోది ఫార్వర్డ్‌లను వెనక్కి తెచ్చింది. కోచ్ అరవనక్కర్లేదు, పక్కనున్నవాడే అరుస్తాడు. రెండో వారంలో సెంటర్‌బ్యాక్‌లు పైకి వచ్చాక వెనక ఖాళీలో పొడుగు బంతులు పడ్డాయి. అది ఊహించినదే. అప్పుడు కీపర్‌ను పెనాల్టీ ఏరియా గీత దాకా ముందుకు తెచ్చాం, ఫుల్‌బ్యాక్‌లలో ఒకరు వెళ్తే ఇంకొకరు ఉండాలన్న నియమం పెట్టాం.

ఫిట్‌నెస్‌ను వదిలేయలేదు. రోడ్డు పరుగు తీసేసి, అదే 50 × 40 స్థలాన్ని అడ్డంగా విభజించి నలుగురికి నలుగురు ఆటలు పెట్టాం: నాలుగు నిమిషాలు ఆట, మూడు నిమిషాలు విశ్రాంతి, నాలుగుసార్లు, వారానికి రెండు రోజులు. బంతి బయటికి పోతే వెంటనే ఇంకో బంతి వేయాలి. గీతల చుట్టూ కనీసం ఆరు బంతులు ఉంచకపోతే ఆట ఆగి ఆగి నడుస్తుంది, తీవ్రత రాదు. ఈ ఒక్క లోపంతోనే చాలా కాలేజీల్లో చిన్న ఆటలు పనిచేయకుండా పోతాయి. భారాన్ని కొలవడానికి ప్రాక్టీస్ అయిన అరగంటకు ప్రతి ఆటగాడు 0 నుంచి 10 మధ్య ఎంత కష్టమనిపించిందో చెబుతాడు. ఆ అంకెను నిమిషాలతో గుణించాలి. 90 నిమిషాలు, కష్టం 6 అంటే 540. వారం మొత్తం అంతకుముందు వారం కంటే బాగా పైకి ఎగబాకితే మరుసటి ప్రాక్టీస్ తగ్గించాలి.

వార్మప్‌కు ఫిఫా 11+ తీసుకున్నాం. ఎనిమిది నిమిషాల పరుగులు, పది నిమిషాల బలం, సమతూకం, గెంతులు, రెండు నిమిషాల వేగపు పరుగులు. మొత్తం ఇరవై నిమిషాలు, పరికరాలేమీ అక్కర్లేదు. అమెరికాలో కాలేజీ పురుషుల సాకర్ జట్లపై 2015లో వచ్చిన అధ్యయనంలో దీన్ని పాటించిన జట్లకు గాయాలు దాదాపు సగం తగ్గాయి. ఇక్కడ ఎక్కువమంది ఎగ్గొట్టేది నార్డిక్ వ్యాయామం: మోకాళ్ల మీద నిలబడి, వెనక ఒకరు మడమలు పట్టుకుంటే, నడుము వంచకుండా మెల్లగా ముందుకు వాలడం. మొదటి వారం తొడ వెనక బాగా నొప్పెడుతుంది, అక్కడే ఆపేస్తారు. మూడు నుంచి ఐదుసార్లతో మొదలుపెట్టి, మ్యాచ్‌కు ముందు రోజు చేయించకపోతే అలవాటవుతుంది.

కార్నర్లు

పాత పద్ధతి మనిషికి మనిషి. ఎత్తును బట్టి జతలు. ఇద్దరు పరీక్షకు వెళ్తే జతలన్నీ తారుమారు. అందుకే చోటును కాచే పద్ధతికి వెళ్లాం. కేవలం చోటునే కాచినప్పుడు ప్రాక్టీస్ మ్యాచ్‌లలో మళ్లీ గోల్స్ పడ్డాయి. నిలబడి ఎగిరే డిఫెండర్ కంటే పరుగెత్తుకొచ్చి ఎగిరేవాడు సాధారణంగా ఎక్కువ ఎత్తు అందుకుంటాడు. చివరకు స్థిరపడింది రెండూ కలిపిన పద్ధతి: దగ్గరి పోల్ దగ్గర ఒకరు, గోల్‌కు 5.5 మీటర్ల దూరంలోని గీత మీద ముగ్గురు, నలుగురు ప్రత్యర్థులను కాచేందుకు నలుగురు, పెనాల్టీ ఏరియా అంచున ఒకరు, ముందు ఒకరు. ఆ నలుగురి పని బంతి గెలవడం కాదు, పరుగును అడ్డుకోకుండానే దారి పొడుగు చేయడం. చేతులతో పట్టుకుంటే పెనాల్టీ. ముందు సీజన్‌లో పడిన రెండు పెనాల్టీలలో ఒకటి అలా వచ్చిందే. ప్రతి స్థానానికీ ఒక అంకె ఇచ్చాం. సబ్‌స్టిట్యూట్ లోపలికి వెళ్లేటప్పుడు అంకె చెబితే చాలు. వారానికి రెండుసార్లు, పన్నెండేసి కార్నర్లు, రెండు వైపుల నుంచీ.

గోల్ కిక్ విషయంలో, 2019లో నియమం మారాక బంతి పెనాల్టీ ఏరియా దాటకముందే మనవాడు అందుకోవచ్చు. టీవీలో చూసి జట్టు ప్రతిసారీ చిన్న పాస్ ఆడేది. సొంత సగంలో బంతి పోయి పడిన 8 గోల్స్‌లో ఐదు ఇలాంటివే. నిషేధించలేదు. ప్రత్యర్థులు ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది పెనాల్టీ ఏరియా అంచున ఉంటే పొడుగు కిక్, లేకపోతే చిన్నది. నిర్ణయం కీపర్‌దే.

తిండి, నీళ్లు

హాస్టల్‌లో టిఫిన్ 7:30కి. ప్రాక్టీస్ 5:30కి. మ్యాచ్ రోజు మూడింటికి ఆట, పన్నెండింటికి బస్సు, భోజనం 12:30కి. అంటే మ్యాచ్ రోజు చాలామంది ఉదయం తిన్న ఇడ్లీ మీదే ఆడేవారు. వార్డెన్‌తో మాట్లాడి మ్యాచ్ రోజు 11 గంటలకే అన్నం, పప్పు, పెరుగు ఇప్పించాం. వేపుళ్లు, బిర్యానీ వద్దన్నాం, నూనె కడుపులో నిలిచిపోతుంది. 65 కిలోల కుర్రాడికి కిలోకు రెండు గ్రాముల పిండిపదార్థం లెక్కన 130 గ్రాములు కావాలి. వండిన అన్నం 400 గ్రాముల్లో దాదాపు 110 గ్రాములు వస్తాయి. మిగతాది ఒంటిగంటన్నరకు ఒక అరటిపండుతో సరి. ఉదయం ప్రాక్టీస్‌కు ముందు రెండు అరటిపళ్లు, గ్లాసుడు నీళ్లు.

ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత తూకం వేశాం. శరీర బరువులో 2 శాతం దాటి తగ్గితే ఆట దెబ్బతింటుంది. 65 కిలోలవాడికి అది 1.3 కిలోలు. ఆగస్టు ఉక్కలో ఐదారుగురు ఆ గీత దాటారు. తగ్గిన ప్రతి కిలోకూ లీటరున్నర, ఒకేసారి కాకుండా రెండు మూడు గంటల్లో. హాఫ్ టైమ్‌లో లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్‌ఎస్. ప్యాకెట్‌ను సగం నీళ్లలో చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది, అలా చేసినవారు మొదట్లో ఇద్దరున్నారు.

పరీక్షలు, ఆటగాళ్ల మనసు

సీజన్ మొదలవగానే పరీక్షల టైమ్‌టేబుల్‌ను, మ్యాచ్‌ల జాబితాను పక్కపక్కన పెట్టాం. ఢీకొనే తేదీలు ముందే తెలిస్తే హెచ్‌ఓడీలు (విభాగాధిపతులు) ఆన్ డ్యూటీ, అంటే హాజరు పోకుండా అనుమతి, ఇస్తారు. ముందు రోజు సాయంత్రం అడిగితే ఇవ్వరు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ల్యాబ్ పరీక్ష మార్చలేనిది కనుక, ఆ మ్యాచ్‌లో బదులుగా ఆడబోయే ఆటగాణ్ని మూడు వారాల ముందే ఆ స్థానంలో ప్రాక్టీస్‌కు దింపాం.

వీడియో సమావేశాలకు ఒకే నియమం: గోల్ పడిన క్షణం చూపించం, దానికి పది పన్నెండు సెకన్ల ముందు నుంచి చూపించి, బంతి పోయిన దగ్గర ఆపుతాం. ప్రశ్న "ఎవరి తప్పు?" కాదు, "ఇక్కడ దూరం ఎంత?" చివరి మనిషి మీద పడే నింద ఈ పద్ధతితో తగ్గింది. పాత కీపర్ మళ్లీ జట్టులోకి వచ్చాడు.

ఫలితం

తర్వాతి సీజన్ 14 మ్యాచ్‌లలో 4 గెలుపులు, 5 డ్రాలు, 5 ఓటములు. పడిన గోల్స్ 17. ఆగిన ఆట నుంచి పడినవి 12 నుంచి 5కి, చివరి అరగంటలో పడినవి 17 నుంచి 7కి తగ్గాయి. తొడ వెనక కండరం గాయం ఒక్కటే. ఇదంతా మా పద్ధతుల వల్లే అనడం సరికాదు. ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు ఫైనల్ ఇయర్‌కు వచ్చి పరిణతి సాధించారు. అన్నీ ఒకేసారి మొదలయ్యాయి కనుక ఏ మార్పు ఎంత ఇచ్చిందో విడదీయలేం. ఒక్క విషయం గట్టిగా చెప్పొచ్చు: వెనకబడిన మ్యాచ్‌లలో కూడా 60వ నిమిషం తర్వాత జట్టు పొడవు 40-45 మీటర్లు దాటడం అరుదైంది. కొలిచి మార్చాలనుకున్నది కొలతలో మారింది.

మిగిలిపోయిన సమస్య గోల్స్ కొట్టడం. 9 నుంచి 16కి పెరిగాయి, అంతే. జట్టు దగ్గరగా ఉండటం నేర్చుకుంది కానీ, బంతి గెలిచాక మొదటి పాస్ ఎక్కువగా పక్కకే వెళ్తోంది, ముందుకు కాదు. దీనికి వేరే లెక్క కావాలి: బంతి గెలిచిన ప్రతిసారీ మొదటి మూడు పాస్‌లు ఎటు వెళ్లాయో రాయడం. ఆ పట్టిక ఇప్పుడు స్కోరు పుస్తకంలో కొత్త పేజీగా మొదలైంది. దాన్ని నింపే పని గాయంతో బయట కూర్చున్న ఆటగాళ్లకు అప్పగించారు.